షేరు పేరు నొక్కితే వచ్చే ఆ ఒక్క పేజీ: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ, 5కి 3 స్టార్లు

2024 ఏప్రిల్‌లో డీమ్యాట్ ఖాతా, అంటే కొన్న షేర్లు ఉండే ఖాతా, తెరిచాను. ఏ బ్రోకర్ యాప్ అనేది ఇక్కడ రాయడం లేదు. మా ఆఫీసులో మరో ఇద్దరి ఫోన్లలో వేరే యాప్‌లు తెరిచి చూశాను, ఈ పేజీ వాటిలోనూ దాదాపు ఒకే తీరుగా ఉంది, కాబట్టి మీరు ఏది వాడుతున్నా నేను చెప్పేది పనికొస్తుందనే అనుకుంటున్నాను. యాప్ మొత్తానికి రివ్యూ రాయాలనీ లేదు. ఖాతా తెరవడం, డబ్బు వేయడం, తీయడం బాగానే జరిగాయి, వాటి గురించి చెప్పేదేమీ లేదు. నేను మాట్లాడేది షేరు పేరు నొక్కితే వచ్చే కోట్ పేజీ గురించి. పైన పెద్ద అక్షరాల్లో ధర, పక్కన ఆకుపచ్చో ఎరుపో రంగులో శాతం, కింద ఎగుడుదిగుడు గీత, ఆ కింద చిన్న చిన్న అంకెల గుంపు ఉంటుందే, అదే. కొత్తవాళ్ల డబ్బు నిలబడేదీ, అనవసరంగా జారిపోయేదీ అక్కడే అని నాకు అనుభవం మీద తెలిసింది.

నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్లు చూస్తాను. నాన్న మిర్చి రైతు. సీజన్ వచ్చిందంటే మా ఇంట్లో సాయంత్రం పూట మాట ఒక్కటే, ఇవాళ యార్డులో రేటు ఎంత. మిర్చి యార్డు ధర ఎప్పుడూ మూడు అంకెల్లో వస్తుంది: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. మోడల్ అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో ఆ ధర. నాన్న గరిష్ఠం గురించి అడగగా నేను ఎప్పుడూ వినలేదు. "ఆ రేటు ఎవరివో పది టిక్కీలకు పడుంటుందమ్మా, మనకెందుకు" అంటారు. టిక్కీ అంటే మిర్చి బస్తా. ఆయనకు కావాల్సినవి రెండే, మోడల్ ఎంత, ఇవాళ ఎన్ని టిక్కీలు వచ్చాయి. టీవీలో తేజ రకం రికార్డు ధర పలికిందని చెప్పినా ఆయన వెంటనే ఫోన్ తీసి కమిషన్ దుకాణానికే చేసి కనుక్కుంటారు. ఆ ఇంట్లో పెరిగిన నేను, యాప్ తెరవగానే పెద్ద అక్షరాల్లో కనిపించిన ఒక్క అంకెను పట్టుకుని ఇదే ధర అని నమ్మేశాను. నన్ను అలా నమ్మించేలా ఆ పేజీని తయారుచేశారు, నా మొదటి ఫిర్యాదు అదే.

ఏం జరిగిందంటే, జూన్‌లో ఒక చిన్న కంపెనీ షేరు కొనాలనుకున్నాను. పేజీలో 142 రూపాయలు అని ఉంది. 200 షేర్లు, అంటే 28,400, బ్రోకర్ చార్జీలు ఇంకో కాస్త, అని లెక్క వేసుకుని మార్కెట్ ఆర్డర్ పెట్టాను. ఆర్డర్ క్షణంలో అయిపోయింది, కానీ ఖాతాలోంచి 29,385 వెళ్లాయి. 985 రూపాయలు ఎందుకు ఎక్కువ పోయాయో నాకు అర్థం కాలేదు. యాప్ తప్పు చేసిందనుకుని కస్టమర్ కేర్‌కు రాశాను. "మీ ఆర్డర్ మార్కెట్ ధరకు పూర్తయింది, మాతో పెట్టుబడి పెట్టినందుకు ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. నేను అడిగిన ప్రశ్నకు అందులో సమాధానం లేదు. తర్వాత మా మేనేజర్ గారు, ఆయన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి ఇంకా నడుస్తున్న రోజుల నుంచి షేర్లు చూస్తున్న మనిషి, నా ఫోన్ తీసుకుని పేజీని కిందికి జరిపి మార్కెట్ డెప్త్ అనే పట్టిక చూపించారు. "నువ్వు పైన బోర్డు చూసి కొన్నావమ్మా, సరుకు ఇక్కడుంది" అన్నారు.

ఆ పట్టికలో రెండు భాగాలు ఉంటాయి. ఎడమవైపు కొంటామనేవాళ్లు, ఎంతకు ఎన్ని అడుగుతున్నారు అని ఐదు వరసలు, దాన్ని బిడ్ అంటారు. కుడివైపు అమ్ముతామనేవాళ్లు, ఇంకో ఐదు వరసలు, అది ఆస్క్ లేదా ఆఫర్. పైన పెద్దగా కనిపించే అంకె ఎల్‌టీపీ, అంటే ఆఖరిగా ఏ ధరకు చేతులు మారిందో ఆ ధర. అది జరిగిపోయిన బేరం. ఎవరో ఇద్దరు ఐదు షేర్లకు కుదుర్చుకున్నా అదే అంకె పడుతుంది. ఇప్పుడు మనకు దొరికేది కుడివైపు ఉన్న ధరకే. నేను కొన్న రోజు కుడివైపు 142.50కి 10 షేర్లు, 143.90కి 25, 145కి 40, 147కి 50, ఆ తర్వాత 149.50కి 300 ఉన్నాయి. మార్కెట్ ఆర్డర్ అంటే "ఎంతకైనా సరే, నాకు 200 కావాలి" అని చెప్పడం, కాబట్టి అది పైనుంచి ఒక్కో వరసా ఊడ్చుకుంటూ పోయి మిగిలిన 75 షేర్లను 149.50కి తెచ్చింది. సగటు 146.92 పడింది. ఇంకా బాధ కలిగించేది ఏంటంటే, ఎడమవైపు అందరికంటే ఎక్కువ ఇస్తానన్న మనిషి అడిగింది 138.60కి, అంటే కొన్న మరుక్షణం వద్దనుకుని అమ్మేసినా షేరుకు ఎనిమిది రూపాయల పైనే పోయేది. ఈ ఎడమ, కుడి ధరల మధ్య ఖాళీ ఎంత ఉందో చూస్తే ఆ షేరులో బేరాలు ఎంత పలచగా ఉన్నాయో ఒక్క చూపులో తెలిసిపోతుంది. రిలయన్స్‌, ఎస్‌బీఐ లాంటి షేర్లలో ఆ ఖాళీ పైసల్లోనే ఉంటుంది, రెండు వందల షేర్లకు డెప్త్ చూడాల్సిన అవసరం కూడా రాదు. చిన్న కంపెనీల్లో మాత్రం అదే అసలు ధరల పట్టిక.

ఆ రోజు నుంచి నేను లిమిట్ ఆర్డర్ తప్ప ఇంకోటి పెట్టలేదు. ఇంతకు మించి ఇవ్వను అని మనమే అంకె రాసిస్తాం, ఆ ధరకు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఈ యాప్‌లో కొను బటన్ నొక్కితే మార్కెట్ ఆర్డరే ముందుగా ఎంచి ఉంటుంది, లిమిట్ కావాలంటే మనం మార్చుకోవాలి. రోజుకు మూడు వేల షేర్లు చేతులు మారే కంపెనీకి కూడా అదే ముందు వస్తుంది. ఇందుకు ఒక స్టారు తీసేశాను, ఈ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు.

ఆఖరి బేరం ధర ఎంత ఖాళీ అంకె కాగలదో చూడాలంటే ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంగతి చాలు. ఏషియన్ పెయింట్స్ షేర్లు పెద్ద విలువలో పెట్టుకుని ఉన్న కంపెనీ అది. దాని షేరు ముంబైలోని స్టాక్ ఎక్స్ఛేంజి బీఎస్‌ఈలో 3 రూపాయల 53 పైసలుగా కనిపిస్తుండేది. ఆ ధరకు కొనాలనుకునేవాళ్లు ఉన్నా, అమ్మేవాళ్లే లేరు. అలాంటి హోల్డింగ్ కంపెనీలకు ధర పరిమితులు లేకుండా ప్రత్యేకంగా వేలం పెట్టినప్పుడు 2024 అక్టోబర్ 29న ఒక్క రోజులో అది 2,36,250 రూపాయలైంది. చాలామంది "ఒక్క రోజులో లక్షలు" అని చెప్పుకున్నారు, నిజానికి అంతకు ముందు కనిపించిన మూడున్నర రూపాయలు ఎవరికీ అందుబాటులో లేని ధర, అంతే. ఆ పాత అంకె కూడా ఏ యాప్‌లోనైనా అంతే పెద్ద అక్షరాల్లో కనిపించి ఉంటుంది.

అదే వారం నాకు జరిగింది చెప్పాలి. నా దగ్గర డాక్టర్ రెడ్డీస్ షేర్లు నాలుగు ఉన్నాయి. హైదరాబాద్ కంపెనీ, ఇంట్లో మందుల డబ్బా మీద పేరు చూసిన కంపెనీ, అందుకే మొదట అది కొన్నాను. అక్టోబర్ 28 సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్తూ ఆటోలో యాప్ తెరిస్తే నా హోల్డింగ్స్‌లో ఆ షేరు పక్కన ఎర్రగా మైనస్ 80 శాతం దగ్గర. ఆరు వేల పైన ఉండాల్సినది పదమూడు వందల చుట్టుపక్కల ఉంది. చేతులు చల్లబడిపోయాయి. కంపెనీకి ఏదో అయిపోయిందనుకున్నాను, మిగిలిందైనా దక్కించుకుందామని అమ్మే బటన్ దాకా వెళ్లాను. నాన్నకు ఫోన్ చేస్తే "ముందు కనుక్కో, తర్వాత అమ్ముకో" అన్నారు. కనుక్కుంటే తేలింది ఏంటంటే ఆ రోజు ఆ షేరు విభజన, 5 రూపాయల ముఖ విలువ (మార్కెట్ ధర కాదు, కంపెనీ కాగితాల మీద షేరుకు రాసుకున్న విలువ) ఉన్న ఒక్కో షేరును 1 రూపాయి ముఖ విలువ ఉన్న ఐదు షేర్లు చేశారు. ధర ఐదో వంతు అయింది, నా నాలుగు షేర్లు ఇరవై అవుతాయి, విలువ ఎక్కడికీ పోలేదు. కానీ యాప్‌లో ధర ఆ ఉదయమే మారిపోయింది, షేర్ల లెక్క మాత్రం రెండు రోజుల తర్వాత గానీ మారలేదు. ఆ రెండు రోజులూ నా ఖాతా మొత్తం ఎర్రగానే ఉంది. "విభజన జరిగింది, షేర్లు త్వరలో వస్తాయి" అని పక్కన ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు. ఆ కోట్ పేజీలో ఎంత వెతికినా లేదు. ఈవెంట్లు అనే ఇంకో ట్యాబ్‌లో, మూడు నొక్కుళ్ల అవతల, ఉంది.

యాదృచ్ఛికంగా అదే రోజు రిలయన్స్ కూడా ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చి రెండు వేల ఆరు వందల పైనుంచి సగానికి వచ్చింది. మా ఆఫీసులో రిలయన్స్ ఉన్నవాళ్లూ, రెడ్డీస్ ఉన్న నేనూ ఒకరి ఫోన్ ఒకరు చూసుకుంటూ ఉండిపోయాం. రెండింటి ఫలితం తెర మీద ఒకలాగే కనిపించినా లోపల తేడా ఉంది. విభజనలో ముఖ విలువ ముక్కలవుతుంది, బోనస్‌లో ముఖ విలువ అలాగే ఉండి కంపెనీ తన నిల్వల నుంచి కొత్త షేర్లు ఇస్తుంది. రెంటిలోనూ మనం ధనవంతులమూ కాం, పేదలమూ కాం. అందుకే ఏ షేరైనా ఒక్కసారిగా సగమో ఐదో వంతో అయినట్టు కనిపిస్తే నేను ఇప్పుడు ముందు చూసేది ముఖ విలువ, ఆ తర్వాత ఎక్స్ తేదీ, అంటే విభజన, బోనస్ లెక్కన ధర మారే రోజు.

ముఖ విలువ అనగానే డివిడెండ్, అంటే కంపెనీ లాభంలోంచి షేరుకు ఇంత అని పంచే డబ్బు, గుర్తొస్తుంది. 800 శాతం డివిడెండ్ అని పేపర్లో చదివి నేను మొదట్లో ఎనిమిది రెట్లు అనుకున్నాను. ఆ శాతం మనం కొన్న ధర మీద కాదు, ముఖ విలువ మీద. డాక్టర్ రెడ్డీస్‌దే తీసుకోండి, 2023-24కి షేరుకు 40 రూపాయలు ఇచ్చారు, అప్పుడు ముఖ విలువ 5, అంటే 800 శాతం. విభజన తర్వాత 2024-25కి 8 రూపాయలు ఇచ్చారు, ముఖ విలువ 1, మళ్లీ అదే 800 శాతం. చేతికి ఏం వస్తుందో తెలియాలంటే రూపాయల్లో ఎంతో చూసి మనం పెట్టిన ధరతో భాగించాలి. కోట్ పేజీలో డివిడెండ్ ఈల్డ్ అని ఉండేది అలాంటి లెక్కే, కాకపోతే ఇవాళ్టి ధర మీద వేసినది. ఇది మా యాప్‌లో స్పష్టంగా ఉంది, బాగుంది.

ధర ఎక్కువ ఉంటే ఖరీదైన షేరు, తక్కువ ఉంటే చవక అనుకోవడం కూడా ఈ పెద్ద అంకె వల్ల వచ్చే పొరపాటే. ఎంఆర్‌ఎఫ్ షేరు 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది. మరి అది మన దేశంలో అన్నిటికంటే పెద్ద కంపెనీ కాదు కదా. షేర్లు తక్కువ ఉన్నాయి, ధర ఎక్కువ ఉంది. ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే మార్కెట్ క్యాప్ చూస్తేనే కంపెనీ సైజు తెలుస్తుంది. పది రూపాయల షేరు వంద కావడం తేలిక, వెయ్యి రూపాయల షేరు పది వేలు కావడం కష్టం అని మా బంధువుల్లో ఇప్పటికీ వాదించేవాళ్లు ఉన్నారు. రెండూ పది రెట్లే.

ఇక సాయంత్రం ధర. మూడున్నరకు మార్కెట్ మూసేసరికి ఒక షేరు 151.20 అని ఉంది, నాలుగు తర్వాత చూస్తే 149.85. మార్కెట్ మూసేశాక ధర ఎలా తగ్గుతుంది అని నాకు పెద్ద టెన్షన్. నేను షేర్లు మొదలుపెట్టినప్పుడు ఉన్న పద్ధతి ఏంటంటే, ముగింపు ధర అంటే ఆఖరి బేరం కాదు, 3 గంటల నుంచి 3:30 వరకు జరిగిన బేరాలన్నిటి సగటు, అదీ షేర్ల పరిమాణాన్ని బట్టి వేసిన సగటు. మర్నాడు కనిపించే ఆకుపచ్చ, ఎరుపు శాతం ఈ ముగింపు ధరతో పోల్చినదే, ఉదయం మొదలైన ధరతో కాదు. అందుకే పొద్దున మొదలైన దగ్గర నుంచి పడుతూ వస్తున్న షేరు కూడా రోజంతా ఆకుపచ్చగానే కనిపించవచ్చు. ఉదయం 9:15 ధర కూడా అలా గాల్లోంచి రాదు, 9 గంటలకే ఆర్డర్లు తీసుకుని ఎక్కువ షేర్లు ఏ ధరకు కుదురుతాయో చూసి ఆ ఓపెన్ ధర తేలుస్తారు. ఇది తెలిశాక నాకు యార్డులో పొద్దున్నే మచ్చు చూసి రేటు కట్టడం గుర్తొచ్చింది.

సగటు అన్నాను కదా, పేజీలో అట్టడుగున వీవ్యాప్ లేదా యావరేజ్ ట్రేడెడ్ ప్రైస్ అని ఒక అంకె ఉంటుంది. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకు ఈ పేజీ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని లో, హై రెండూ చూసి, "కనిష్ఠం, గరిష్ఠం ఇచ్చారు, మరి మోడల్ ఏదమ్మా" అన్నారు. నేను వెతికి ఈ అంకె చూపించాను. మోడల్ ధర, ఇదీ అచ్చంగా ఒకటే అని అనను, అది ఎక్కువ సరుకు పోయిన ధర, ఇది రోజు మొత్తం మీద షేర్ల లెక్కన పడ్డ సగటు, కానీ రెండూ చేసే పని ఒకటే, ఎవరో ఒకరి పది టిక్కీల ధర మనల్ని మోసం చేయకుండా ఆపుతాయి. నేను కొనబోయే ధర ఈ సగటు కంటే బాగా పైన ఉంటే ఆ రోజు ఆగిపోతాను.

వాల్యూమ్ అంటే ఎన్ని షేర్లు చేతులు మారాయో ఆ లెక్క, మన యార్డుకు వచ్చిన టిక్కీల లెక్క లాంటిది. దాని పక్కన మా యాప్ ఇవ్వనిది, బీఎస్‌ఈ లాంటిదే ఇంకో ఎక్స్ఛేంజి అయిన ఎన్‌ఎస్‌ఈ వాళ్ల వెబ్‌సైట్‌లో ప్రతి షేరుకూ ఉచితంగా దొరికేది ఒకటుంది, డెలివరీ శాతం. పొద్దున కొని సాయంత్రంలోగా అమ్మేసేవాళ్లు కూడా వాల్యూమ్‌ను పెంచుతారు, కానీ వాళ్లు సరుకు ఇంటికి తీసుకెళ్లరు. నిజంగా డీమ్యాట్ ఖాతాలకు వెళ్లినవి ఎన్ని అనేది ఈ శాతం చెబుతుంది. యార్డులో లారీకి ఎక్కిన టిక్కీలు ఎన్ని అని అడగడం లాంటిది. అదే వెబ్‌సైట్ పేజీలో సిరీస్ కూడా ఉంటుంది. ఈక్యూ అని ఉంటే మామూలు షేరు. బీఈ అని ఉంటే ఆ రోజే కొని ఆ రోజే అమ్మడం కుదరదు, ప్రతి షేరూ డెలివరీ తీసుకోవాల్సిందే. ఏఎస్‌ఎం, జీఎస్‌ఎం అనే గుర్తులు కనిపిస్తే ఎక్స్ఛేంజి ఆ షేరు మీద నిఘా పెట్టిందని అర్థం, కొనే ముందు అది ఎందుకో చదవాలి. మా యాప్‌లో ఈ గుర్తు ఒక చిన్న ఆశ్చర్యార్థకంగా వస్తుంది, నేను చాలా నెలలు దాన్ని ఏదో అప్‌డేట్ అనుకుని వదిలేశాను.

ఇంకో చిన్న విషయం, ఒకే కంపెనీకి ఎన్‌ఎస్‌ఈలో ఒక ధర, బీఎస్‌ఈలో ఇంకో ధర ఉంటాయి, పెద్ద షేర్లలో తేడా పైసల్లోనే. వెతికేటప్పుడు ఏ ఎక్స్ఛేంజి వచ్చిందో చూసుకోండి, చిన్న కంపెనీల్లో ఒకచోట బేరాలు నడుస్తుంటే ఇంకోచోట ఖాళీగా ఉంటుంది. గుర్తులు కూడా వేరే, ఎన్‌ఎస్‌ఈలో అక్షరాలు, బీఎస్‌ఈలో ఆరంకెల కోడ్. రెడ్డీస్‌ది 500124. కంపెనీలు పేర్లు మార్చుకుంటాయి కూడా, మన అమరరాజా బ్యాటరీస్ 2023లో అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది, ఎన్‌ఎస్‌ఈ గుర్తు కూడా మారింది, పాత గుర్తు టైప్ చేసి షేరు మాయమైందని మా ఆఫీసులో ఒకరు కంగారుపడ్డారు.

సర్క్యూట్ల గురించి యాప్ రెండు అంకెలు ఇస్తుంది, అప్పర్, లోయర్. చాలా షేర్లకు ఒక రోజులో 2, 5, 10 లేదా 20 శాతం కంటే ఎక్కువ పెరగకుండా, తగ్గకుండా పరిమితి ఉంటుంది. నేను కొన్న ఆ చిన్న కంపెనీ 5 శాతం పరిమితిలో ఉంది. సెప్టెంబర్‌లో వరసగా మూడు రోజులు లోయర్ సర్క్యూట్ తగిలింది. అప్పుడు డెప్త్ పట్టికలో ఎడమవైపు అన్నీ సున్నాలే, కుడివైపు మాత్రం వేల షేర్లు. పైన ధర కనిపిస్తోంది, ఆ ధరకు కొనేవాళ్లు ఒక్కరూ లేరు. నా ఆర్డర్ క్యూలో ఎక్కడో వెనక ఉండిపోయింది. సరుకు కాటా దగ్గర పెట్టుకుని వ్యాపారి కోసం ఎదురుచూసిన రైతు కూతురిని, ఆ పరిస్థితి నాకు కొత్త కాదు, కానీ కొనే ముందు ఆ 5 శాతం అంకె చూసి ఉంటే ఇరవై వేల పైన అందులో పెట్టేదాన్ని కాదు.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేరు ముందు ముందు పలికే ధర మీద చేసుకునే ఒప్పందాలు) ఉన్న షేర్లకు ఇలాంటి గట్టి పరిమితి ఉండదు, అది మంచికీ చెడుకీ. మన తెలుగువాళ్లకు ఇది సత్యం కంప్యూటర్స్ కూలిన రోజున తెలిసింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధినేత రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటికొచ్చింది, ముందు రోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ ఒక్క రోజులోనే 40 దగ్గరికి పడిపోయింది. అప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను, మా ఊళ్లో సాఫ్ట్‌వేర్ కొడుకులున్న ఇళ్లలో టీవీ ముందు నిశ్శబ్దం గుర్తుంది. ఈ ఏడాది ఆ లేఖ గురించి మళ్లీ చదివాను. బ్యాంకుల్లో ఉన్నట్టు లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని అందులో ఆయనే రాశారు. అంటే జనవరి 6 సాయంత్రం ఆ షేరు పక్కన కనిపించిన పీఈ (ధరను లాభంతో భాగించిన అంకె), బుక్ వాల్యూ (అప్పులు పోగా షేరుకు వచ్చే కంపెనీ ఆస్తి) అన్నీ ఆ లెక్కల నుంచి వచ్చినవే. ధర, వాల్యూమ్ ఎక్స్ఛేంజి కళ్ల ముందు జరిగిన బేరాలు, వాటిని నమ్మొచ్చు. పీఈలో పైన ఉన్న ధర ఒక్కటే బేరం నుంచి వచ్చింది, కింద ఉన్న లాభం కంపెనీ చెప్పింది. ఈ తేడా యాప్‌లో ఎక్కడా కనిపించదు, రెండూ ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కన ఉంటాయి.

పీఈ సంగతి ఇంకొకటి. షేరు ధరను షేరుకు వచ్చిన ఏడాది లాభంతో భాగిస్తే వచ్చేది పీఈ. కానీ ఏ లాభం? కంపెనీ ఒక్కదానిదా, అనుబంధ కంపెనీలు కలిపా? ఎన్‌ఎస్‌ఈలోని యాభై పెద్ద కంపెనీల సూచీ అయిన నిఫ్టీ పీఈనే 2021 మార్చి ఆఖర్లో ఒంటరి లెక్క నుంచి కలిపిన లెక్కకు మార్చినప్పుడు నలభై దగ్గర నుంచి ముప్పై మూడు దగ్గరికి వచ్చింది, మార్కెట్ పడకుండానే. అందుకే రెండు చోట్ల రెండు పీఈలు కనిపిస్తే కంగారుపడకండి, ఏ లాభంతో లెక్క కట్టారో వెతకండి. మా యాప్‌లో ఆ సంగతి రాసి లేదు. ఇంకో స్టారు దీనికీ, పైన చెప్పిన విభజన రోజుకీ కలిపి పోయింది.

మరి మిగిలిన మూడు స్టార్లు ఎందుకంటే, అంకెలు ఆలస్యం లేకుండా వస్తాయి, ఆర్డర్ పెట్టడం తేలిక, డెప్త్ పట్టిక ఉచితం, 52 వారాల గరిష్ఠ కనిష్ఠాలను విభజన తర్వాత సరిగ్గా సవరించి చూపించారు, ధర ఫలానా అంకెకు వస్తే కబురు పెట్టే అలర్ట్ ఒక్కసారి కూడా తప్పలేదు. తెలుగు భాష ఎంపిక కూడా ఉంది, ఇది నాన్నకు చూపించడానికి చాలా సాయపడింది, అయితే అందులో ఆస్క్‌ను "అడగండి" అని రాశారు. అమ్మేవాళ్ల ధర అని రాస్తే నాన్న నన్ను అడగకుండానే అర్థం చేసుకునేవారు. చిన్న షేర్లకు మార్కెట్ ఆర్డర్ ముందుగా ఎంచి పెట్టడం మానేసి, బిడ్, ఆస్క్ ధరలను పైన ఎల్‌టీపీ పక్కనే పెట్టి, విభజన, బోనస్ రోజున ఒక్క వాక్యం చూపిస్తే ఈ రివ్యూకి వచ్చి ఇంకో స్టారు కలుపుతాను, ఈ మూడూ కంపెనీకి రాశాను కూడా.

పోయిన ఆదివారం నాన్న నా ఫోన్ తీసుకుని, నేను ఈ మధ్య చూస్తున్న ఒక కంపెనీ పేజీ తెరిచారు. పైన ఉన్న పెద్ద అంకె మీద వేలు పెట్టి కప్పేసి, "ఇది సరే, ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఎంతకు పోయాయి, అది చూపించమ్మా" అన్నారు. చూపించడానికి పేజీని రెండుసార్లు కిందికి జరపాల్సి వచ్చింది.